పాల చుట్టరికం

చాలా ఏళ్ళుగా రాద్దామనుకుని రాయలేకపోయిన విషయం ఇది. పెద్ద సంఘటనేమీ కాదు. ఎవరూ చనిపోలేదు, ఎవరికీ ఏ ఆపదా రాలేదు. ఒకామె ఒకటి ఇస్తానంది. మేం వద్దన్నాం. ఆమె నవ్వి, కాసేపుండి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పావుగంటలో అయిపోయిన ఈ విషయంలో తప్పొప్పులు తేల్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళూ చాలలేదు.

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో మా అమ్మావాళ్ళిల్లు. కింద ఎండుమిర్చి, పసుపు, చింతపండు అమ్మే దుకాణం, పైన రెండు గదులు, ఒక వసారా. ఒక పక్కకి పోతే పాట్ మార్కెట్ బంగారం కొట్లు, ఇంకో పక్కకి పోతే జనరల్ బజార్ చీరల కొట్లు. ఆ మధ్యలో నేలమీద గోనెపట్టాలు పరుచుకుని కొత్తిమీర, పుదీన, పాలకూర, గోంగూర కట్టలు పేర్చుకుని కూర్చునే ఆడవాళ్ళు. తెల్లారకముందే బోయిన్‌పల్లి యార్డు నుంచి ట్రాలీ ఆటోల్లో సరుకు దిగుతుంది. చిన్నప్పటినుంచీ ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. 2009 ఏప్రిల్లో పురిటికి వచ్చినప్పుడు మాత్రం ఆ చప్పుడు మొదలయ్యేసరికి నేను మేలుకునే ఉండేదాన్ని.

నాది కోత కాన్పు. మా బజారు భాషలో పెద్దాపరేషన్. నడుంలో సూది ఇచ్చాక ఛాతీ కిందనుంచి శరీరం నాది కాకుండా పోయింది. తెర అవతల ఎవరో బీరువాలో బట్టలు లాగి సర్దుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు. పాపని ఒక్క క్షణం నా చెంపకి ఆనించి తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ తెచ్చింది ఆరు గంటల తర్వాత. పుట్టిన గంటలోపే బిడ్డకి రొమ్ము పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ గంట నేను ఇంకో గదిలో వణుకుతూ, ట్యూబ్‌లైట్ చూస్తూ పడుకున్నాను. నేను కన్నానని నాకు నమ్మకం కలగడానికే చాలాసేపు పట్టింది.

వార్డు గోడ మీద ఒక పోస్టరు ఉండేది. బాసింపట్టు వేసుకుని, నిండుగా చీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని, తలవంచి బిడ్డకి పాలిస్తున్న తల్లి. తల్లిపాలు అమృతం అని కింద రాసి ఉంది. ఐదు రోజులు దాన్నే చూస్తూ పడుకున్నాను కాబట్టి ఆ బొమ్మ ఇప్పటికీ గీయగలను. ఆ తల్లి కడుపు ఎవరూ కొయ్యలేదు. ఆమె చేతికి సెలైన్ సూది లేదు, మూత్రం గొట్టం లేదు. దగ్గొస్తే కుట్లు విడిపోతాయేమోనని దిండు అదుముకోవాల్సిన అవసరం ఆమెకి లేదు. బిడ్డని ఒళ్ళో పెట్టుకుంటే దాని కాళ్ళు సరిగ్గా కుట్లమీదే తన్నేవి. అది చీకుతున్నంతసేపూ కడుపులో గర్భసంచి ముడుచుకునేది. మామూలు కాన్పులో కూడా అది నొప్పే. అప్పుడే కోసి కుట్టిన గర్భసంచి ముడుచుకోవడం ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర మాటల్లేవు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవితని నేను క్లాసులో పాఠంగా చెప్పినదాన్నే. కానీ లేబర్ రూంలోకి పోకుండానే తల్లులయ్యే మాలాంటివాళ్ళ సంగతి ఎవరూ పెద్దగా రాయలేదేమో అనిపించింది. మాకు నొప్పులు ఆలస్యంగా వస్తాయి. అవి వచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్ళందరూ మిఠాయి పంచేసి ఉంటారు.

మొదటి రోజుల్లో వచ్చేవి ముర్రుపాలు. చెంచాడో, రెండు చెంచాలో. బిడ్డ పొట్ట కూడా అంతే ఉంటుంది. పాలు నిండుగా పడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, కోత కాన్పయితే ఇంకా ఆలస్యం కావచ్చు. నొప్పి, భయం ఉంటే ఉన్న పాలు కూడా చేపవు. బర్రెల్ని పెంచేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. దూడని దగ్గరికి తేకుండా, కొట్టి, బెదిరించి పాలు పితకలేమని తెలుసు. మనుషుల విషయంలో మాత్రం ఆ మాట ఎవరూ చెప్పలేదు. రెండో రోజు రాత్రి పాప ఆపకుండా ఏడుస్తుంటే సిస్టరు వచ్చి నా రొమ్ముని రెండు వేళ్ళతో నొక్కి చూసి, "ఏం లేవండీ" అంది. గిన్నెలో ఏమీ లేవన్నట్టుగా. ఇంకో అరగంటకి ఒక చీటీ మీద పాలపొడి పేరు రాసి మా ఆయన చేతిలో పెట్టారు.

ఆ చీటీ రాయకూడదని తర్వాత తెలుసుకున్నాను. 1992లో వచ్చి, 2003లో ఇంకాస్త గట్టిపడిన చట్టం ఒకటుంది. శిశువుల పాలపొడికి ప్రకటనలు చేయకూడదు, ఆసుపత్రుల ద్వారా ప్రచారం చేయకూడదు, ఉచితంగా పంచకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ కూడా వేయకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని ఆ డబ్బా మీదే అచ్చు వేయాలి. ఆ మాట చదువుకుంటూనే మా ఆయన పొడి కలిపాడు.

నా ఒక్కదాని కథే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం కోతలు. తెలంగాణలో 60.7 శాతం. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి ఎనభై దాటింది. అంటే మా రాష్ట్రంలో కోత కాన్పే మామూలు కాన్పు, నార్మల్ అనే మాటకే అర్థం మారిపోయింది. ఇన్నివేలమంది కుట్ల మీద చెయ్యి పెట్టుకుని పాలివ్వడం మొదలుపెడుతుంటే పోస్టరులో ఆవిడ ఇంకా బాసింపట్టే వేసుకుని కూర్చుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మన భాషలో పాలకి సంబంధించిన మాటలన్నీ అప్పు మాటలే. తల్లిపాల రుణం తీరదంటాం. తాగిన రొమ్మునే గుద్దాడంటాం. అప్పు ఎప్పుడూ బిడ్డదే. కానీ పురిటి మంచం మీద ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ తల్లే బాకీదారు. వచ్చినవాళ్ళందరూ వసూలుకి వచ్చినట్టే అడుగుతారు, పాలు పడ్డాయా అని. మా అత్తగారు ఫోన్‌లో అదే అడిగారు. కింద దుకాణం సేటు భార్య అదే అడిగింది. నా కడుపు మీద కోత ఎలా ఉందని ఒక్కరైనా అడిగారేమో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మా నాన్న ఒక్కడే, అదీ నా మొహం చూడకుండా, "నొప్పి తగ్గిందామ్మా" అన్నాడు.

మాతృత్వాన్ని అనుభవంగా, వ్యవస్థగా రెండు ముక్కలు చేసి చూపించింది ఆడ్రియన్ రిచ్, 1976లో వచ్చిన తన పుస్తకంలో. అనుభవంలో సంతోషం ఉండొచ్చు, కానీ దాన్ని నడిపే వ్యవస్థ మగవాళ్ళ చేతిలో ఉంటుందని ఆమె వాదన. నేను దాన్ని ఒప్పుకుంటాను. చాలాకాలం నా కథని ఆ చట్రంలోనే చెప్పుకున్నాను కూడా. డాక్టరు, పాలపొడి కంపెనీ, అత్తగారు ఒకవైపు, నేనూ నా కుట్లూ ఒకవైపు. ఆ కథలో నేను బాధితురాలిని. అలా చెప్పుకోవడం సుఖంగానే ఉండేది. ఆరోరోజు జరిగింది మాత్రం ఆ కథలో ఇమడదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆరోరోజు పదకొండు గంటలప్పుడు ఆకుకూరలామె పైకి వచ్చింది. బాలింతకని అమ్మ మునగాకు, మెంతికూర తెమ్మంది. ఆమె అత్త దగ్గర ఇరవై ఏళ్ళుగా కొంటోంది అమ్మ, ఇప్పుడు కోడలి దగ్గర. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, ఆమెనడక్కుండా రాయలేను. ఆమె దళిత స్త్రీ. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు. మేం ఎవరమో ఆమెకీ అలాగే తెలుసు.

పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను గోడకానుకుని కూర్చుని, చెమటలు కక్కుతూ, దాని నోరు రొమ్ముకి అందించడానికి తంటాలు పడుతున్నాను.

"పాలు వడలేదామ్మా?" అంది గుమ్మం దగ్గర నిలబడి.

"లేదే తల్లీ. ఆపరేషన్ కదా" అంది అమ్మ.

"నాకు మస్తుగున్నయ్. మా పోరని ఇంటికాడ అత్త దగ్గర ఇడిశిపెట్టి వస్త గద. పొద్దెక్కేసరికి రొమ్ములు రాళ్ళ తీరు అయితయ్. పిండి మోరీల పోస్తున్న దినాం. ఇటియ్యుండ్రి, జరసేపు తాపిస్త. నిద్రపోతది పొల్ల."

ఆమె కొడుక్కి అప్పుడు నాలుగో నెల. రవిక ముందుభాగం తడిసి ఉంది, దానిమీద కొంగు కప్పుకుని ఉంది. అదంతా నేను చూశాను. అమ్మ కూడా చూసింది.

"వద్దులేమ్మా. ఇంకెవరి పాలూ పట్టొద్దన్నాడు డాక్టరు."

డాక్టరు ఆ మాట అనలేదు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆమె నా వైపు తిరిగి, "ఏమంటవక్కా?" అంది. నేను పాప మొహం వైపు చూస్తూ ఉండిపోయాను. అవుననలేదు, కాదనలేదు. అమ్మ ఆడిన అబద్ధాన్ని నేను మౌనంగా వాడుకున్నాను.

"గట్లనా, సరే తీ" అని నవ్వింది. తర్వాత వెళ్ళిపోలేదు. వసారాలో కుళాయి దగ్గర, ఎవరూ అడక్కుండానే, చేతులు కడుక్కుని వచ్చింది. "గట్ల కూసుంటే కుట్లు గుంజుతయక్కా. పక్కకు పండుకో. నాది గూడ పెద్దాపరేషనే, గాంధీల." నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టింది. పాపని నా పొట్టకి తగలకుండా పక్కన పడుకోబెట్టి, దాని ముక్కు నా రొమ్ముకెదురుగా వచ్చేలా సర్ది, నోరు పెద్దగా తెరిచినప్పుడు ఒక్కసారిగా దగ్గరికి తోసింది. ఐదు రోజుల్లో మొదటిసారి పాప సరిగ్గా పట్టింది. డిగ్రీలున్న వాళ్ళెవరూ నాకు చూపించని పని అది.

ఆమె చేతులు మాకు పనికొచ్చాయి. ఆమెకి తెలిసిన విద్య పనికొచ్చింది. పాలు మాత్రం వద్దు. ఆ మధ్యాహ్నం పాపకి చాలక మళ్ళీ డబ్బా తీశాం. ఎన్ని ఊళ్ళ పశువులవో, ఏ చేతులు పితికాయో, ఎక్కడెక్కడ కలిపారో తెలియని పాలు ఎండబెట్టిన పొడి. అది తాగించడానికి మాకు ఏ సంకోచమూ కలగలేదు. సరిగ్గా అదే వేళకి మా మెట్ల కింద, ముప్ఫై అడుగుల దూరంలో, ఒక మనిషి తన పాలు మోండా మార్కెట్ మోరీలో పోస్తూ ఉండి ఉంటుంది.

ఇన్ఫెక్షన్ల సంగతేమిటని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పరీక్ష చేయని పాలతో హెచ్.ఐ.వి. లాంటివి బిడ్డకి సోకే ప్రమాదం నిజంగానే ఉంది. ఇంకొకరి పాలు నేరుగా పట్టించొద్దని ఈరోజు ఏ డాక్టరైనా చెప్తే నేను వింటాను. కానీ నిజం చెప్పాలి కదా. ఆరోజు నా తలలో హెచ్.ఐ.వి. అనే మాట లేదు. అది మూడు నెలల తర్వాత, నన్ను నేను సమర్థించుకోవడానికి వెతుకుతుంటే దొరికింది. సరైన పనిని తప్పుడు కారణంతో చేస్తే అది సరైన పనేనా? నా మట్టుకు ఆ కారణమే నా పని. పాప ఆరోగ్యానికి మేలే జరిగి ఉండొచ్చు. ఆ మేలు మేం ఆలోచించి చేసింది కాదు.

ఇంకో వాదన ఉంది, అది నా స్నేహితురాలిది. "తీసుకుని ఉంటే బావుండేదా? పేద స్త్రీ ఒంట్లోంచి వచ్చేదాన్ని కూడా మీ ఇంటికి తోడుకునేవాళ్ళు కదా" అంది. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' కథలో యశోద గురించి గుర్తుచేసింది. ఇంటినిండా పిల్లలకి పాలిచ్చి, చివరికి ఆ రొమ్ము కాన్సర్‌తోనే ఎవరూ లేకుండా పోయే మనిషి. ఆమె మాటలో బలం ఉంది. కానీ ఆకుకూరలామె జీతానికి రాలేదు, అడిగితే ఇవ్వలేదు. ఏడుస్తున్న బిడ్డని చూసి, తన దగ్గర ఎక్కువై బాధపెడుతున్నదాన్ని ఇస్తానంది. ఆమె ఇవ్వగల స్థితిలో ఉంది, మేం పుచ్చుకోవాల్సిన స్థితిలో ఉన్నాం. బహుశా మేం భరించలేకపోయింది అదే.

ఇలా అనడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ తర్వాత అమ్మ ఒకరోజు మాటల్లో చెప్పింది. నల్గొండ జిల్లాలో మా అమ్మమ్మకి పురిట్లో జ్వరమొస్తే, మా పొలంలో పనిచేసే ఒకామె వచ్చి రెండు నెలలు మా అమ్మకి పాలిచ్చిందట. దొడ్డి వైపు నుంచి వచ్చి దొడ్డి వైపు నుంచే పోయేదట. అంటే మా అమ్మ ఒంట్లో మొదటి రెండు నెలల రక్తం ఆ పాలతో పట్టిందే. "మరి ఆరోజు ఎందుకు వద్దన్నావు?" అన్నాను. అమ్మ చాలాసేపు బియ్యం ఏరింది. "అది వేరే. అప్పుడు మేం పిలిపించాం" అంది.

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. పిలిపించి తీసుకుంటే అది చాకిరీ, దానికి మైల లేదు. ఎదురొచ్చి ఇస్తే అది చుట్టరికం.

చుట్టరికం అనే మాట నాకు ఇంకో చోట దొరికింది. మా కాలేజీలో ఉర్దూ చెప్పే సహోద్యోగి ఒకసారి తన దూధ్ షరీక్ అన్న గురించి మాట్లాడింది. ఇస్లాంలో ఒక స్త్రీ తన బిడ్డ కాని బిడ్డకి పాలిస్తే, ఆ పాలు తాగిన పిల్లలు తోబుట్టువులైపోతారు. వాళ్ళ మధ్య పెళ్ళి నిషిద్ధం. పాలిచ్చినామె తల్లి. అక్కడా తరగతులున్నాయి, పేదలున్నారు, ఆ ధర్మశాస్త్రంలో స్త్రీల స్థానం మీద నాకు వేరే పేచీలున్నాయి. కానీ ఈ ఒక్క విషయాన్ని వాళ్ళు దాచుకోలేదు. పాలు తాగితే సంబంధం ఏర్పడుతుందని ఒప్పుకుని, దానికొక పేరు పెట్టారు. మా కథల్లోనూ కృష్ణుడు కన్నతల్లి దగ్గర కాదు, యశోద దగ్గర పెరిగాడు. ఆఖరికి విషప్పాలిచ్చిన పూతనకి కూడా మోక్షం దక్కింది. కథల్లో ఒప్పుకున్నదాన్ని వసారాలో ఒప్పుకోలేకపోయాం. ఆరోజు ఆ పాలు తాగి ఉంటే నా కూతురికి మార్కెట్లో ఒక అన్న ఉండేవాడు. మా భయం రోగానికి కాదు, ఆ అన్నకి. డబ్బా పాలతో ఆ బెడద లేదు. ఆవు ఇంటికొచ్చి నేను మీ బిడ్డకి తల్లినని అనదు.

2017లో నిలోఫర్ ఆసుపత్రిలో 'ధాత్రి' పేరుతో తల్లిపాల బ్యాంకు వచ్చింది. ముంబయిలో సయాన్ ఆసుపత్రిలో 1989 నుంచే ఉంది. ఇచ్చేవాళ్ళకి రక్తపరీక్షలు చేస్తారు, పాలని అరగంటసేపు 62.5 డిగ్రీల దగ్గర వేడిచేసి, శీతలీకరించి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి గొట్టం ద్వారా పోస్తారు. ఎందరో పిల్లలు దానివల్ల బతుకుతున్నారు. మంచి పనే, నేను దానికి దణ్ణం పెడతాను. అయినా నాకొక అనుమానం తొలుస్తూనే ఉంటుంది. సీసా మీద పేరు లేకపోవడం వల్లే మాలాంటి ఇళ్ళు దాన్ని ఒప్పుకుంటున్నాయేమో. క్రిములతో పాటు ఇచ్చినామె ఎవరన్నది కూడా ఆ వేడికి పోతుంది.

ఇక్కడ నా బాధ గురించే ఎక్కువ రాశానని తెలుసు. ఆమె సంగతి ఏమిటి? నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. 1961 నాటి ప్రసూతి చట్టం ప్రకారం నాకు అప్పట్లో పన్నెండు వారాల సెలవు వచ్చింది. 2017లో దాన్ని ఇరవయ్యారు వారాలు చేశారు. గోనెపట్టా మీద కూర్చుని కొత్తిమీర అమ్మే మనిషికి యజమాని లేడు కాబట్టి సెలవూ లేదు. కుట్లు మానీ మానకముందే, యాభయ్యో రోజుకే బోయిన్‌పల్లిలో మూటలెత్తానని ఆమే చెప్పింది. ఎండకీ దుమ్ముకీ బిడ్డని తేలేక ఇంట్లో వదిలింది. తన బిడ్డ ఇంటి దగ్గర ఏం తాగుతున్నాడని మేం ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె రొమ్ములో పాలు ఎక్కువై కాదు, తాగాల్సినవాడు దగ్గర లేక గడ్డకడుతున్నాయని నాకు తట్టలేదు. స్త్రీల ఆరోగ్యం మీద 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం ఆ గది అలమరలోనే ఉంది. అందులో లేని సందేహం కాదు. నాకు రాని సందేహం.

నెల దాటాక, నాకు పాలు పడ్డాయి. పక్కకి పడుకుని ఇవ్వడం అలవాటైంది, కుట్లు ఎండాయి. పాపని తీసుకుని అమ్మా నేనూ అత్తవారింటికి బయల్దేరేముందు మార్కెట్లోకి దిగాం. ఆమె అక్కడే ఉంది, పుదీన మీద నీళ్ళు చల్లుతూ. పాపని చూసి చేతులు తుడుచుకుని ఎత్తుకుంది.

"పాలు వడ్డయా అక్కా?"

"పడ్డాయి. నీ బాబు ఎట్లున్నాడు?" ఆ ప్రశ్న అప్పుడు అడిగాను.

"మంచిగున్నడు. నాకే ఇంకిపోయినయ్. పొద్దంత ఈడనే ఉంటి, ఏడికెల్లి వస్తయ్. డబ్బ పాలే పోస్తున్నం, నీళ్ళెక్కువ కలిపి."

మా ఇంట్లో రెండో డబ్బా సీలు తీయకుండా అలాగే ఉంది. అమ్మ నా వైపు చూసి, పైకి వెళ్ళి తెచ్చింది. ఇస్తే తీసుకుంది. తిప్పి చూసి, "మా పోరనికి ఇదే" అని గోనెపట్టా కింద పెట్టింది. మాకు మెంతికూర రెండు కట్టలు, కొత్తిమీర ఒక కట్ట సంచీలో వేసింది. అమ్మ డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.